పిల్లలకు రకరకాల కవిత్వం: నీతి పద్యం దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

మీ పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు నాలుగు. పాపకు బడిలో శతక పద్యాలు కంఠస్థం చేయిస్తున్నారు. ప్రతి పద్యం కింద భావం రాయాలి, నీతి రాయాలి. దాంతో పద్యం అంటేనే టెన్షన్ పడుతోంది అన్నారు. ఇంట్లో రకరకాల కవిత్వం పరిచయం చేయాలని మీకు ఉంది. కానీ మీరూ బడి పద్యాల తర్వాత పెద్దగా చదవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వయసుకు ఏది, అర్థం కాకపోతే ఏం చేయాలి, వచ్చే నెల పద్యాల పోటీకి పంపాలా వద్దా అని అడిగారు. చాలా ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పాను, ఇప్పటికీ పిల్లలతో కూర్చుని కవిత్వం చదువుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీ పాపకు విసుగు పుట్టింది కవిత్వం మీద కాదనే నా నమ్మకం. కవిత్వానికి ఉన్నది ఒకే ఒక్క పని అని ఆమెకు చెప్పారు, ఆ పని మీద విసుగు పుట్టింది. బుద్ధి చెప్పడం కవిత్వం చేసే పనుల్లో ఒకటి, అంతే. నవ్విస్తుంది, ఆడిస్తుంది, భయపెడుతుంది, ఏడిపిస్తుంది, కోపం తెప్పిస్తుంది, రోజూ చూసేదాన్నే ఆగి చూసేలా చేస్తుంది. ఒక్కోసారి ఏ అర్థమూ లేకుండా నోటికి హాయిగా ఉండి ఊరుకుంటుంది. పిల్లలకు రకరకాల కవిత్వం పరిచయం చేయాలంటే కవుల పేర్లన్నీ వరసగా చెప్పేయాలని చాలామంది అనుకుంటారు. పదిమంది కవుల పేర్లు చెప్పి పది నీతి పద్యాలే చదివిస్తే పిల్లలు చూసింది ఒక్క రకమే. అందుకే నేను కవిత్వాన్ని అది చేసే పనిని బట్టి ఎంచుకుంటాను. ఈ వారం నవ్వించేది చదివితే వచ్చే వారం దిగులు పుట్టించేది.

మొదలు మాత్రం చెవితోనే. బాబుకు నాలుగేళ్ళు కాబట్టి వాడికి ఇప్పుడు కావలసింది ఆటపాటలే. కాళ్ళాగజ్జా కంకాళమ్మ, చెమ్మచెక్క చారడేసి మొగ్గ, ఒప్పులకుప్పా ఒయ్యారిభామా, ఇవి మీకు వచ్చే ఉంటాయి. వీటిని చిన్నపిల్లల సరదాగా తీసిపారేయకండి. 'వేగుచుక్క, వెలగ మొగ్గ, మొగ్గ కాదు మోదుగ నీడ' అని వేలితో కాళ్ళు తడుతూ వెళుతున్నప్పుడు పిల్లవాడికి ప్రాస తెలుస్తుంది, లయ తెలుస్తుంది, ఒక మాట ఇంకో మాటను ఎలా లాక్కొస్తుందో తెలుస్తుంది. కంకాళమ్మ ఎవరని వాడు అడగడు. అర్థం తెలియకపోవడం వాడికి ఒక లోటుగా తోచదు. ఆ స్వేచ్ఛ తొమ్మిదేళ్ళ వయసుకి పోతుంది, ఎందుకంటే అప్పటికి మనం ప్రతిదానికీ 'దీని భావమేమి?' అని అడగడం మొదలుపెట్టేస్తాం.

తొమ్మిదేళ్ళ పాపకు చెవిని తిరిగి తెరవాలంటే చప్పట్లు బాగా పనికొస్తాయి. నేను తరచూ చేయించేది చెబుతాను. గురజాడ అప్పారావు 1910లో రాసిన దేశభక్తి గీతం ఆమెకు వచ్చే ఉంటుంది. దాన్ని రాగం తీయకుండా, ఊరికే తాళం వేస్తూ పలకమనండి. 'వొట్టి' దగ్గర తకిట, 'మాటలు' దగ్గర తకధిమి, 'కట్టి' దగ్గర తకిట, 'పెట్టోయ్' దగ్గర తకధిమి. మూడు, నాలుగు, మళ్ళీ మూడు, నాలుగు. నడక కొంచెం ఒరిగినట్టు ఉంటుంది, ముందుకు తోస్తున్నట్టు ఉంటుంది. ఆ వెంటనే శ్రీశ్రీ 'శైశవగీతి' మొదటి మాటలు తీసుకోండి. 'పాపం, పుణ్యం, ప్రపంచమార్గం'. ఇక్కడ తకధిమి, తకధిమి, తకధిమి, తకధిమి. అన్నీ నాలుగులే. కాళ్ళు నేల మీద సమంగా పడుతున్నట్టు ఉంటుంది. ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి, గదిలో అటూ ఇటూ నడుస్తూ పలికించండి. మొదటిదానికి నడిచినట్టు రెండోదానికి నడవడం కుదరదని పాదాలకే తెలిసిపోతుంది. మిశ్రగతి, చతురశ్రగతి అనే పేర్లు తర్వాత ఎప్పుడైనా చెప్పుకోవచ్చు, చెప్పకపోయినా నష్టం లేదు.

బడి పద్యాల సంగతికి వద్దాం. నీతి పద్యాలు మానిపించమని నేను అనను. వేమననూ సుమతి శతకాన్నీ దూరం పెడితే తెలుగు పిల్లలకు మిగిలేది చాలా తగ్గిపోతుంది. మార్చవలసింది మనం చదివించే తీరు.

ఉదాహరణకు 'అనువుగాని చోట అధికులమనరాదు' పద్యం. బడిలో దీని కింద 'గర్వపడరాదు' అని రాయించి ముగిస్తారు. కానీ ఈ పద్యం ప్రాణమంతా మూడో పాదంలో ఉంది: 'కొండ యద్దమందు కొంచెమై యుండదా'. పాప చేతికి ఒక చిన్న అద్దం ఇచ్చి కిటికీ దగ్గర నిలబెట్టండి. వెనకున్న చెట్టో, ఎదురు మేడో అరచేతిలో పట్టేస్తుంది. మొత్తం పట్టేస్తుంది, ఏ కొమ్మా విరగదు, ఏ అంతస్తూ తగ్గదు. కాసేపు చూడనిచ్చి, ఆ తర్వాత పద్యం చదవండి. కొండ అద్దంలో చిన్నదైతే కొండకు ఏమైనా తక్కువైందా అని వేమన అడుగుతున్నాడని ఆమెకు మీరు చెప్పనక్కర్లేదు. ఆ ఊహ ఎంత గొప్పదో తెలిసిన పిల్ల దాని కింద బలవంతంగా నీతి రాయవలసి వచ్చినా పద్యాన్ని అసహ్యించుకోదు.

వేమన పద్యాలతో ఇంకో ఆట కూడా ఆడొచ్చు. చాలా పద్యాల్లో మూడు పాదాలు విషయం, నాలుగోది మకుటం. పోలిక ఒక్కోసారి ముందు వస్తుంది, ఒక్కోసారి చివర వస్తుంది. పిల్లలకు తెలియని పద్యం తీసుకుని మొదటి రెండు పాదాలు చదివి ఆపేయండి. 'ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు.' ఇక్కడ ఆగి, తర్వాత ఏమొస్తుందో చెప్పమనండి. ఒకడు బంగారం, ఇత్తడి అంటాడు. ఒకరు కవలల గురించి చెబుతారు. ఒక్కోసారి వాళ్ళు చెప్పేది అసలు పాదం కన్నా మనకు దగ్గరగా ఉంటుంది. ఆ తర్వాత వేమన ఏం రాశాడో చదివితే ఎంత ఆత్రంగా వింటారో చూడండి. వాళ్ళ దృష్టిలో వేమన అప్పుడు తమతో పాటు ఆ ఆటలో కూర్చున్న మనిషి.

సుమతి శతకంతో వేలి ఆట ఆడిస్తాను. 'అక్కరకు రాని చుట్టము' పద్యం నాలుగు పాదాలూ రాసి ప్రతి పాదంలో రెండో అక్షరం మీద వేలు పెట్టమంటే నాలుగు చోట్లా 'క్క' దొరుకుతుంది. 'అక్కరకు', 'మ్రొక్కిన', 'ఎక్కిన', 'గ్రక్కున'. ఎవరో దాచిపెట్టినది తాము పట్టుకున్నట్టు ఉంటుంది పిల్లలకు. ఇక కనపడిన ప్రతి కంద పద్యంలోనూ వెతుకుతారు. ఇంతకు మించి ఛందస్సు ఆ వయసులో అక్కర్లేదు. గణాలు, గురువు లఘువులు పరీక్ష కోసం ఎలాగూ వస్తాయి.

అర్థం కాకపోతే ఎలా అన్న మీ భయం గురించి. దీనికి నా దగ్గర పోతన పద్యమే జవాబు. గజేంద్రమోక్షంలో ఏనుగు మొర విని విష్ణుమూర్తి ఉన్నపాటున బయలుదేరతాడు. లక్ష్మీదేవి పైటకొంగు ఆయన చేతిలోనే ఉండిపోతుంది. ఎక్కడికని అడుగుదామని ఆమె గబగబా వెళుతుంది, అడిగినా చెప్పడేమోనని ఆగిపోతుంది, మళ్ళీ అడుగు వేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఇంతవరకు కథగా చెప్పి ఈ పద్యం పైకి చదవండి:

అడిగెద నని కడువడి జను
నడిగిన దను మగుడ నుడువడని నడ యుడుగున్
వెడవెడ చిడిముడి తడబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడుగిడు నెడలన్

'మగుడ', 'చిడిముడి', 'జడిమ' ఇవేమీ పిల్లలకు తెలియవు. తెలియనవసరం లేదు. దాదాపు అన్నీ పొట్టి అక్షరాలే, అడుగడుగునా 'డ'. పద్యమంతా తడబడే కాళ్ళ చప్పుడు. పాపను ఈ పద్యానికి నడిచి చూపించమనండి. ఎక్కడ పరుగు, ఎక్కడ ఆగడం అనేది ఆమె శరీరమే కనిపెడుతుంది. 'నడుగిడు, నడుగిడదు' దగ్గర ఒక కాలు గాల్లో ఆగిపోతుంది, చూడండి. మాట అర్థం ముందు తెలియాలి, ఆ తర్వాతే రుచి అన్నది పాఠం చెప్పేవాళ్ళు పెట్టుకున్న వరస. పిల్లలు చాలాసార్లు రెండోదానితో మొదలుపెట్టి మొదటిదాని దగ్గరికి వాళ్ళంతట వాళ్ళే వస్తారు. 'జడిమ అంటే ఏంటి?' అని వాళ్ళు అడిగిన రోజు చెప్పండి. అడగనిదానికి జవాబు చెప్పకండి.

నవ్వించే కవిత్వం మన ఇళ్ళలో బాగా తక్కువ. కవిత్వం అనగానే పెద్దవాళ్ళ ముఖం గంభీరంగా మారిపోతుంది. ఇంగ్లీషులో ఎడ్వర్డ్ లియర్ 1846లోనే అర్థంపర్థం లేని అల్లరి పద్యాలతో ఒక పుస్తకం వేశాడు. లిమరిక్ అనే అయిదు పాదాల పద్యానికి ఆయన వల్లే అంత పేరు వచ్చింది. ఒకటి, రెండు, అయిదు పాదాలకు ఒక అంత్యప్రాస, మధ్యలో పొట్టిగా ఉండే రెండింటికి ఇంకో ప్రాస. తెలుగులో శ్రీశ్రీ వీటిని 'లిమఋక్కులు' అని పిలిచి తానూ రాశాడు. వాటిలో పెద్దవాళ్ళకు మాత్రమే నప్పేవి కూడా ఉన్నాయి కాబట్టి మీరు ముందు చదివి ఏరండి. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పుకునే చాటువు ఒకటి ఉంది, మేక, తోక అనే మాటలనే తిప్పి తిప్పి అల్లింది. అది వినగానే పిల్లలు విరగబడి నవ్వుతారు, నాలుక తిరగక నవ్వుతారు, పక్కవాళ్ళకు నేర్పడానికి పరిగెడతారు. కవిత్వాన్ని ఇంకొకళ్ళకు చెప్పాలనిపించడం చిన్న విషయం కాదు.

పొడుపు కథలను కూడా నేను కవిత్వంలోనే లెక్కేస్తాను. 'చిటారు కొమ్మన మిఠాయి పొట్లం' అంటే తేనెపట్టు. ఒక వస్తువును దాని పేరు చెప్పకుండా ఇంకో వస్తువుగా చూపించడం. పెద్ద తరగతుల్లో రూపకాలంకారం అని చెప్పేదానికి ఇది చాలా దగ్గర. పిల్లలతో పొడుపు కథలు విప్పించడంతో ఆగకుండా కొత్తవి కట్టించండి. ఇంట్లో ఉన్న ఏ వస్తువైనా సరే, గడియారం, గొడుగు, చీపురు. పేరు చెప్పకూడదు, అబద్ధం చెప్పకూడదు, విన్నవాళ్ళకు దొరకాలి. ఈ మూడు షరతులతో తొమ్మిదేళ్ళ పిల్ల కట్టే మాట చాలాసార్లు నిజమైన కవిత అవుతుంది. ఇక్కడి నుంచి హైకూకి ఒక్క అడుగే. జపాన్ కవి బషో 1686లో రాసిన కప్ప హైకూ ప్రపంచమంతా తెలుసు. పాత కొలను, కప్ప దూకుతుంది, నీటి చప్పుడు. అంతే. 'ఇంతేనా?' అని పాప అడుగుతుంది. అడగాలి కూడా. 'ఆ చప్పుడుకి ముందు అక్కడ ఎలా ఉండి ఉంటుంది?' అని ఒక్క ప్రశ్న వేసి వదిలేయండి. తెలుగులో ఇస్మాయిల్ హైకూలు ఉన్నాయి. ఎన్. గోపి మొదలుపెట్టిన నానీలు ఉన్నాయి, నాలుగు పాదాలు, మొత్తం ఇరవై నుంచి పాతిక అక్షరాలు. పుస్తకం మందం చూసి భయపడే పిల్లలకు ఇవి ఇవ్వండి. ఒక పేజీలో ఒక్క కవిత, చుట్టూ అంతా ఖాళీ.

ప్రాస లేని వచన కవిత దగ్గరికి వచ్చేసరికి 'ఇది కవిత్వమెలా అవుతుంది, ఊరికే విరిచి రాశారు కదా' అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మంచి ప్రశ్న అది. వాదించకుండా ఒక మామూలు వాక్యం ఇచ్చి వాళ్ళనే విరవమనండి. 'తాళం వేసిన ఇంటి ముందు పిల్లి కూచుని తలుపు వంకే చూస్తోంది' అన్న వాక్యం తీసుకుందాం. ఒకరు ఇలా విరుస్తారు:

తాళం వేసిన ఇంటి ముందు
పిల్లి కూచుని
తలుపు వంకే చూస్తోంది

ఇంకొకరు ఇలా:

తాళం వేసిన
ఇంటి ముందు పిల్లి
కూచుని తలుపు వంకే
చూస్తోంది

రెండూ పైకి చదివించండి. మొదటిదానిలో పిల్లి మామూలుగా కూర్చుంది. రెండోదానిలో 'చూస్తోంది' ఒంటరిగా మిగిలేసరికి ఆ పిల్లి ఎంతసేపటి నుంచో చూస్తున్నట్టు అనిపిస్తుంది. మాటలు అవే. ఆగే చోటు మారింది, అంతే. ఆ తర్వాత తిలక్ రాసిన 'తపాలా బంట్రోతు' చదివితే పాదం ఎక్కడ విరిగిందో, అక్కడే ఎందుకు విరిగిందో చూడడానికి వాళ్ళ కన్ను తయారై ఉంటుంది. ఉత్తరాలు పంచే మనిషి గురించి కూడా కవిత రాయొచ్చని తెలియడం ఇంకో లాభం. ఇది పది, పదకొండేళ్ళ తర్వాతే బాగుంటుంది. మీ పాపకు ఇంకో ఏడాది ఆగొచ్చు.

ఇప్పుడు పెద్దలు ఎక్కువగా తప్పించుకునే విషయం, దిగులు కవిత్వం. పిల్లలు బాధపడతారని సంతోషంగా ఉండే పాటలే ఏరుతాం. కానీ పిల్లలకు బాధ తెలియనిది కాదు. స్నేహితులతో తగవులు, ఇంట్లో పెంచుకున్నది చచ్చిపోవడం, బడి మారడం, ఇవన్నీ వాళ్ళు పడుతూనే ఉంటారు. దానికి మాటలు లేకపోవడమే వాళ్ళ కష్టం. తొమ్మిదేళ్ళకు కరుణశ్రీ 'పుష్పవిలాపం' మంచి మొదలు. పూలు కోయబోయిన మనిషితో పూలే మాట్లాడతాయి. ఘంటసాల గొంతులో వినిపించండి, తర్వాత పుస్తకంలో చూపించండి. సుద్దాల హనుమంతు 'పల్లెటూరి పిల్లగాడా' కూడా ఈ వయసుకే ఇవ్వొచ్చు. పశువులు కాయడానికి జీతం కుదిరిన పసివాడి గురించిన పాట అది. తన వయసు పిల్లవాడే పాటలో ఉన్నాడని తెలిసినప్పుడు మీ పాప ఏమంటుందో వినండి. పాట పుట్టిన కాలం గురించి, తెలంగాణలో దొరల దగ్గర జరిగిన వెట్టి గురించి ఆమె అడిగినంత మేరకే చెప్పండి.

గురజాడ 'పూర్ణమ్మ' మాత్రం పన్నెండేళ్ళు దాటాక చదవాలి, మీరు పక్కన ఉండి చదవాలి. ముసలివాడికి కట్టబెట్టిన చిన్నపిల్ల కథ. ఆమె వెళ్ళిపోయిన సంగతి కవి ఎలా చెప్పాడో చూడండి. కన్నుల కాంతులు కలువలను చేరాయట, నడకల సొగసు హంసలను చేరిందట, పూర్ణమ్మ దుర్గను చేరిందట. ఆ చరణంలో చావు అన్న మాటే లేదు. వార్తగా రాస్తే ఒక్క వాక్యంలో అయిపోయే సంగతి ఇలా చెబితే ఎందుకు అంత సేపు వెంటాడుతుందో పెద్ద పిల్లలు బాగానే గుర్తుపడతారు. ఇది చదివిన తర్వాత వెంటనే మాట్లాడించకండి. మరుసటి రోజు వాళ్ళే ఎత్తుతారు.

జాషువాను రెండు మెట్లుగా పరిచయం చేస్తే బాగుంటుందని నా అనుభవం. ముందు 'శిశువు' పద్యాలు. బొటనవేలిలోనే మూడు లోకాలూ చూసి లోలోపల ఆనందపడే పసివాణ్ణి ఆయన 'నోరులేని యోగి' అన్నాడు. ఇంట్లో చిన్నవాళ్ళు ఉన్న పిల్లలకు ఇది వెంటనే పట్టుబడుతుంది. మీ బాబును చూపించి చదవండి, పాప నవ్వుతుంది. తర్వాత కొన్నేళ్ళకు, పన్నెండు పదమూడేళ్ళప్పుడు, 1941లో వచ్చిన 'గబ్బిలం'. అంటరానివాడని గుడి బయట నిలబెట్టిన మనిషి తన బాధను కాశీలో ఉన్న శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలాన్నే ఎందుకు పంపాడని పిల్లలను అడగండి. మనిషికి లేని ప్రవేశం గుడిలో గబ్బిలానికి ఉంది కాబట్టి అన్న జవాబు దగ్గరికి వాళ్ళే వస్తారు, వచ్చాక వాళ్ళకు కోపం కూడా వస్తుంది. ఆ కోపాన్ని సర్దిచెప్పి చల్లార్చకండి. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపిన కావ్యం గురించి అప్పుడు చెబితే, పాత పద్ధతిని తీసుకుని కొత్త మాట చెప్పడం అంటే ఏమిటో కూడా అర్థమవుతుంది.

భాషల విషయంలో రెండు మాటలు. కవిత్వం అంటే పుస్తకాల తెలుగే అన్న అభిప్రాయం పిల్లల్లో ఉంటుంది. ఇంట్లో మాట్లాడే యాసలో కూడా కవిత్వం ఉందని వాళ్ళకు తెలియాలి. జానపద గీతాలు, నండూరి సుబ్బారావు ఎంకి పాటలు, తెలంగాణ మాటలో వచ్చిన పాటలు, ఇవన్నీ అందుకే. అలాగే వేరే భాషల కవిత్వం అనువాదంలోనైనా వినిపించండి. టాగోర్ 1913లో ఇంగ్లీషులో తెచ్చిన పిల్లల కవితల పుస్తకంలో కాగితం పడవల కవిత ఉంది. పిల్లవాడు రోజూ పడవలు చేసి వాటి మీద పెద్ద పెద్ద అక్షరాలతో తన పేరు, ఊరి పేరు రాసి ఏట్లో వదులుతాడు, ఎక్కడో ఎవరో చూసి తానెవరో తెలుసుకుంటారని. దీని గురించి వివరించడానికి ఏమీ లేదు, చదివితే చాలు. ఎప్పుడైనా మీకూ పాపకూ ఇద్దరికీ రాని భాషలో ఒక కవిత వినండి. ఉర్దూ అనుకోండి. ఒక్క మాట తెలియకపోయినా ఇది సంతోషమా, దిగులా అని ఊహించమనండి. తర్వాత అర్థం తెలుసుకుని సరిచూసుకోండి. చాలాసార్లు దగ్గరగానే చెబుతారు.

ఇక రోజువారీ పద్ధతి. ఇది పెద్ద కార్యక్రమంలా పెట్టుకోకండి. నిద్రకు ముందు ఒక కవిత, రెండుసార్లు, మీ గొంతుతో. రెండోసారి చదవడం ముఖ్యం, మొదటిసారి చెవి సర్దుకోవడానికే సరిపోతుంది. మీకు బాగా చదవడం రాదని అనుకోకండి, తడబడితే తడబడండి. వీడియోలు చాలా ఉన్నాయి కానీ అందులో బొమ్మ ముందే వచ్చి కూర్చుంటుంది, పిల్లలు సొంతంగా బొమ్మ కట్టుకునే అవకాశం పోతుంది. ముందు విననివ్వండి, చూడడం తర్వాత. చదివాక 'ఏం నేర్చుకున్నావు?' అని అడగొద్దు. 'ఏ మాట గుర్తుంది?' అని అడగండి. ఒక్క మాట చెప్పినా చాలు, ఏమీ చెప్పకపోయినా ఫరవాలేదు. నచ్చలేదంటే ఒప్పుకోండి. ఎందుకు నచ్చలేదో చెప్పగలిగితే అది ఇంకా మంచి సంభాషణ. పాపకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, నచ్చినవి మాత్రమే, తన చేతిరాతతో ఎక్కించుకోమనండి. అందులో ఏముండాలో మీరు చెప్పకూడదు. వేమన పక్కన సినిమా పాట ఉన్నా, లిమరిక్ పక్కన బూతు కాని అల్లరి పాట ఉన్నా ఉండనివ్వండి. ఆ పుస్తకం ఆమెది.

పిల్లలు సొంతంగా రాస్తే తప్పులు దిద్దకండి, ప్రాస కోసం బలవంతం చేయకండి. ప్రాస తప్పనిసరి అంటే పిల్లలు చూసింది వదిలేసి, కలిసే మాట కోసం వెతుకుతారు. 'చెట్టు' అన్నాక 'పెట్టు', 'కట్టు', 'గట్టు' అని అందిన మాటల్లా కూరేస్తారు. 'ఆ చెట్టు దగ్గర ఇంకా ఏం కనిపించింది?' అని ఒక్కటి అడిగి పక్కకు తప్పుకోండి. చుట్టాల ముందు నిలబెట్టి చదివించడం కూడా వద్దు, తనంతట తాను చదువుతానంటే తప్ప.

కంఠస్థం గురించి చాలామంది పొరబడతారు. నేను దానికి వ్యతిరేకిని కాదు, గట్టిగా పక్షపాతిని. నోటికి వచ్చిన పద్యం మనిషితో జీవితాంతం ఉంటుంది, చీకట్లో ఉన్నా, ఆసుపత్రిలో ఉన్నా, చేతిలో పుస్తకం లేకపోయినా. బట్టీ మీద పిల్లలకు కోపం రావడానికి కారణం, ఏది నేర్చుకోవాలో ఎంచుకునే హక్కు వాళ్ళకు లేకపోవడం. బడి ఎంచుకున్నది బడి కోసం, తాను ఎంచుకున్నది తన కోసం. నెలకు ఒకటి తను ఎంచుకుని నేర్చుకుంటే సరిపోతుంది. నాలుగు పాదాలదైనా సరే.

చివరగా పోటీ. ఏ పద్యం చదవాలో పాపనే ఎంచుకోనిస్తారేమో నిర్వాహకులను అడగండి. ఎంచుకోనిస్తే పంపండి. పోతన 'అడిగెదనని' తీసుకుంటే చాలా బాగుంటుంది, ఈ లోపు ఆమె ఆ పద్యానికి నడిచి ఉంటుంది కాబట్టి మర్చిపోవడం కష్టం. వాళ్ళిచ్చిన పద్యమే చదవాలంటే, వెళతావా అని పాపను ఒక్కసారి అడిగి, వద్దంటే ఆ సంగతి వదిలేయండి. ఈ వారానికి మాత్రం అద్దంతోనే మొదలుపెట్టండి. బాబును కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. వాడు అద్దం లాక్కుంటాడు, లాక్కోనివ్వండి.